తట్టి చూసే సారు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున నంద్యాల నుంచి ఫోన్ వచ్చింది. ఒకప్పుడు నేను పాఠాలు చెప్పిన ఇంజనీరింగ్ కాలేజీలో వర్క్‌షాపు చూసుకునే అటెండరు చేశాడు.

"మేడం, మన మెకానికల్ సారు పోయినాడు. నిన్న క్లాసులోనే. బోర్డు మీద బొమ్మ గీస్తా గీస్తా అట్లే కుర్చీలో కూలబడినాడంట. ఆస్పత్రికి ఎత్తుకపోయేలోపలే అయిపోయింది. మీకు చెప్పల్లనిపిచ్చింది."

నేను "అయ్యో" అన్నాను.  ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్లి, పప్పులో ఉప్పు వేశానో లేదో గుర్తు రాక రెండోసారి వేశాను. ఆ పూట ఇంట్లో ఎవరూ పప్పు తినలేదు. 

ఆయన పేరు ఇక్కడ రాయను. పేరు రాస్తే కాలేజీ తెలిసిపోతుంది, కాలేజీ తెలిస్తే నేనెవరో తెలిసిపోతుంది. మొదటిదానికి నాకేం అభ్యంతరం లేదు. రెండోదానికే భయం. ఎందుకు భయమో దాచను, వరసలో చెప్తాను.

ఆయనా నేనూ ఆ కాలేజీలో ఒకే రోజు చేరాం, తొంభైల చివర్లో. ఆయన మెకానికల్, నేను ఎలక్ట్రానిక్స్. చేరిన రోజు ఆఫీసులో పదో తరగతి నుంచి ఎంటెక్ దాకా మా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ఒక ఫైల్లో పెట్టించుకున్నారు. సెక్రటరీ గదిలో ఒక పెద్ద ఇనుప బీరువా, అందులోకి పోయాయి. మాకది వింతగా అనిపించలేదు. మా వైపు ప్రైవేటు కాలేజీల్లో అందరూ అట్లాగే ఇచ్చేవాళ్లు. పెళ్లింట్లో చెప్పులు గుమ్మం బయట విడిచినట్టు విడిచేసి లోపలికి పోయాం. క్లర్కు లడ్డు కూడా పెట్టాడు.

అప్పుడే ఆయన్ని మొదటిసారి గమనించాను. సన్నగా, కాస్త వంగి, జేబు కిందికి వేలాడే తెల్ల చొక్కాలో ఉన్నాడు. జేబులోంచి రూపాయి బిళ్ల తీసి, ఆ బీరువా తలుపు మీద టక్ టక్ మని రెండుసార్లు తట్టి, చెవి వంచి విన్నాడు.

"ఏంది సార్ అది?" అన్నాను.

"నిండుగా ఉండాది మేడం. మన మాదిరి శానామందిమి ఉండాం లోపల" అన్నాడు.

క్లర్కు నవ్వాడు. నేనూ నవ్వాను. లడ్డు బాగుంది.

ఆ బిళ్ల అలవాటు చూసి పిల్లలు ఆయనకు టక్‌టక్ సారు అని పేరు పెట్టారు. దేన్ని చూసినా తట్టేవాడు. బల్ల, గోడ, కొత్తగా వచ్చిన లేతు మెషిను, సంతలో గుమ్మడికాయ. పరీక్షల్లో ఇన్విజిలేషన్ చేస్తూ పిల్లల డెస్కుల మీద తట్టుకుంటూ పోయేవాడు, రాసేవాళ్లకు చికాకు. ఒకసారి కొత్త సెమినార్ హాలు ప్రారంభం రోజు సెక్రటరీ పక్కనే నిలబడి చెక్క గోడను తట్టి, "దీంట్లో సగం గాలే ఉండాదే" అన్నాడు. సెక్రటరీ ముఖం మాడిపోయింది. "తట్టేది నీ పని కాదప్పా, పాఠం చెప్పు" అన్నాడు. ఈయన "అట్లనే" అని, పోతూ పోతూ ద్వారబంధం కూడా తట్టాడు. మొండి మనిషి. ఎప్పుడు నోరు మూసుకోవాలో బొత్తిగా తెలియదు.

ఆళ్లగడ్డలో రాళ్లు చెక్కే ఇంటి బిడ్డ ఆయన. వాళ్ల నాయన దేవుడి బొమ్మలు చెక్కేవాడు. ఉలి పెట్టేముందు రాయిని ఈ కొన నుంచి ఆ కొన దాకా చిన్న సుత్తితో తట్టి వినడం వాళ్లింట్లో మొదటి పాఠం. బాగున్న రాయి గంటలాగా పలుకుతుంది. లోపల నెర్రె ఉంటే గొంతు పూడుకుపోయినట్టు పలుకుతుంది. ఆ నెర్రె కంటికి కనబడదు. అది వినకుండా మొదలుపెడితే మూడు నెలలు చెక్కి, ఇంకేముంది వేళ్లు తీరిస్తే అయిపోయె అనుకునేసరికి బొమ్మ చెయ్యి ఊడి కింద పడుతుంది. "మా నాయన జన్మలో ఒక్కసారి ఇనకుండా మొదలుపెట్టినాడు మేడం. ఆ చెయ్యి ఇంగా మా ఇంటి వాకిట్లోనే పడుండాది, మేం దాని మీద కాళ్లు కడుక్కుంటాం" అనేవాడు.

రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చేవాడు. సంచిలో జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి. తొమ్మిదికి సంతకం, నాలుగున్నరకు సంతకం, మధ్యలో గేటు దాటాలంటే ఇంకో రిజిస్టర్లో కారణం రాసి ప్రిన్సిపాలు ఇనీషియల్ తెచ్చుకోవాలి. వాచ్‌మన్‌కు కారణం నచ్చకపోతే అది కూడా చాలదు. మధ్యాహ్నం మూడు గంటలకు స్టాఫ్‌రూం కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద బస్సులు పోతుంటాయి, మనం పోలేం. నాకు ఊపిరాడేది కాదు. ఆయన మాత్రం ఆ మూడు గంటల వేళే చాలా ఉత్సాహంగా ఉండేవాడు.

ఎందుకంటే ఆ వేళకు ఆయనకు వర్క్‌షాపు మూల ఖాళీగా దొరికేది. అక్కడ ఆయన పలకలు చేసేవాడు. పలక అంటే రాసుకునే పలక కాదు. పైనా కిందా సన్నని గట్టి పొరలు, మధ్యలో తేనెపట్టులాంటి గుల్ల. దీన్ని శాండ్‌విచ్ అంటారు, విమానాల రెక్కల్లో, నేలల్లో వాడతారు. పిల్లలకు చెప్పడానికి రెండు అట్టముక్కల మధ్య ఖాళీ అగ్గిపెట్టెలు నిలువుగా అంటించి, రెండు ఇటుకల మీద ఆనించి, తానే ఎక్కి నిలబడేవాడు. అట్ట వంగేది కాదు.

"మోసేది అట్ట కాదురా, ఎడం మోస్తాంది" అనేవాడు. "రెండు పొరల్నీ దగ్గరికి రానీకుండా, ఎడంగా పట్టుకునుండాదే ఆ గుల్ల, దానిది బలం."

ఒకరోజు నా దగ్గరికి వచ్చి, "మేడం, మీ యాంటెన్నా ఒకటి నా పలకలో పెడదామా?" అన్నాడు. ఎందుకు సార్ అంటే, ఏదో పాత పత్రిక జిరాక్స్ చూపించాడు. విమానం ఒంటి మీద యాంటెన్నాలు ముళ్లలాగా పొడుచుకొని ఉంటాయి. గాలికి అడ్డం, పిట్ట తగిలితే విరుగుతాయి. అదే యాంటెన్నాను ఒంటి పొరల మధ్య పొదిగేస్తే బరువు మోసేదీ అదే, మాట వినేదీ అదే. "అయితే మధ్యలో ఇంకోటి దూర్చినాక పలకకు మునుపటి బలముంటాదా ఉండదా, వంచితే యాడ ఇరుగుతాది, దెబ్బ తగిల్తే మీది పలుకుతాదా లేదా, అది తేల్చల్ల" అన్నాడు. నాకు పీహెచ్‌డీ కావాలని ఆశ ఉండేది, ఆయనకూ ఉండేది. ఇద్దరికీ చేరే దారి లేదు. సరే అన్నాను.

మా దగ్గర ఏమీ లేదు. తేనెపట్టు గుల్ల కొనే స్తోమత లేదు కాబట్టి ఖాకీ కాగితం పట్టీలు కోసి, వరసగా కొంత వదిలి కొంత జిగురు రాసి, ఎండాక లాగి తేనెపట్టులాగా విప్పి, రెసిన్ జిగురులో ముంచి ఆరబెట్టేవాడు. గాజుపీచు గుడ్డ హైదరాబాదులో స్నానాల తొట్లు చేసేవాళ్ల దగ్గర తెప్పించాడు. పొరలన్నీ పేర్చాక జిగురు గట్టిపడే దాకా సమంగా నొక్కిపెట్టాలి. దానికి మిషను లేదు. వాళ్ల నాయన షెడ్డు నుంచి నున్నగా నూరిన నల్లరాతి బండ బస్సులో తెచ్చాడు. "ఏందప్పా, సమాధి రాయి మాదిరుండాది, దించు దించు" అని కండక్టరు గోల. ఈయన దాన్ని ఒళ్లో పెట్టుకుని నంద్యాల దాకా వచ్చాడు. దిగేసరికి కాళ్లు తిమ్మిరెక్కి స్టాండులో పావుగంట కూర్చున్నాడట.

ఇక మా పోట్లాటలు. నా రాగి యాంటెన్నా అరచేతిలో ఇమిడే చదరపు ముక్క. దాని పైన పొర పల్చగా ఉంటే బాగా వింటుంది, మందమయ్యేకొద్దీ మందగిస్తుంది, ఏ తరంగాన్ని పట్టాలో ఆ శ్రుతి కూడా పక్కకు జారుతుంది. ఆయనకేమో పై పొర మందంగా ఉండాలి, లేకుంటే వంచినప్పుడు ముందు అదే ముడత పడి విరుగుతుంది. రోజూ ఇదే గొడవ. ఒక పొర నాకు వదిలితే ఒక పొర ఆయన పట్టుకునేవాడు.

రెండు ఇనుప కడ్డీల మీద పలకను ఆనించి, నడుమ తూకపు రాళ్లు ఒకటొకటే వేలాడదీసి, ఎంత వంగిందో డయల్ మీద చదివేవాడు. బరువు పెరిగేకొద్దీ వంపు పెరుగుతుంది, లెక్కగా, గీత గీసినట్టు. ఎక్కడో ఒకచోట టప్ మంటుంది. మొదటి పలక నా రాగి ముక్క మూల దగ్గర టప్ మంది.

"మీ రాగే మేడం" అన్నాడు.

"నా రాగి కాదు, మీ జిగురు" అన్నాను. నాకు ఒళ్లు మండింది.

కోసి చూస్తే ఇద్దరిదీ తప్పే. నున్నటి రాగిని రెసిన్ పట్టుకోలేదు. ఉడికిన ఉర్లగడ్డ తొక్కలాగా శుభ్రంగా ఊడివచ్చింది. రెండో పలకకు రాగిని గరుకు కాగితంతో రుద్దాం. కొంచెం మేలు, అంతే. మూడోదానికి ఆయన ఒక మాటన్నాడు. "మీ రాగికి సన్న తూట్లు పొడుద్దాం మేడం. జిగురు ఆ తూట్లల్లో దూరి అవతల పొరను పట్టుకుంటాది." యాంటెన్నాకు తూట్లు! రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు లెక్క వేసి చూస్తే, అంచుకు దూరంగా, సన్నగా ఉంటే పెద్ద నష్టం లేదని తేలింది. ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గేసింది. ఆయన మాత్రం గెలిచినట్టు ముఖం పెట్టలేదు. "రొట్టె తింటారా?" అన్నాడు. నాకు ఉద్యోగంలో దక్కిన మంచి రోజుల్లో అదొకటి.

మూడో పలక నల్లరాయి కింద ఆరుతుండగా మా ఆయనకు కర్నూలు బదిలీ అయింది. బ్యాంకు ఉద్యోగం, కాదనడానికి లేదు. కర్నూల్లో ఒక కాలేజీ నన్ను తీసుకుంటానంది, ఒరిజినల్స్ తెచ్చుకొని రమ్మంది. రాజీనామా ఇస్తే సెక్రటరీ ఫైలు ఇవ్వడని అందరికీ తెలుసు. ఏడాది మధ్యలో వదలడు, ఏడాది చివర మనిషి దొరకలేదంటాడు. కెమిస్ట్రీ ఆవిడ ఒకామె పెళ్లయి కూడా రెండేళ్లు భర్తను వదిలి అక్కడే ఉండిపోయింది.

ఒక్క దారి ఉంది. పాస్‌పోర్టుకో బ్యాంకుకో కావాలంటే వారం రోజులకు ఫైలు ఇస్తారు. దానికి స్టాఫులో ఇంకొకరు జామీను సంతకం పెట్టాలి. తీసుకున్న మనిషి ఫైలు తిరిగి తెచ్చి కట్టేదాకా, జామీను పెట్టిన మనిషి ఫైలు బీరువాలోంచి కదలదు. అదీ నిబంధన.

నేను పాస్‌పోర్టు అని రాశాను. కాగితం పట్టుకుని వర్క్‌షాపుకు పోయాను. నాకు ఎవరు సంతకం పెడతారో ఆలోచించాల్సిన అవసరం కూడా రాలేదు, అదే ఇప్పుడు నన్ను ఎక్కువ బాధిస్తుంది.

ఆయన చేతులు తుడుచుకుని కాగితం రెండుసార్లు చదివాడు.

"పాస్‌పోర్టేనా మేడం?"

"ఆఁ" అన్నాను.

జేబులోంచి బిళ్ల తీసి నా ముందున్న బల్లను ఒక్కసారి తట్టాడు. నా ముఖం వైపు చూడలేదు. సంతకం పెట్టి, తేదీ వేసి, కాగితం మడతపడకుండా నా చేతికిచ్చాడు. "మూడోది ఎల్లుండి దించుతా. మీరుంటే బాగుండు" అన్నాడు. ఎల్లుండికి నేను కర్నూల్లో ఉన్నాను. నా ఫైలు ఇంకో సెక్రటరీ గదిలో, ఇంకో బీరువాలో ఉంది.

నంద్యాల ఆఫీసు నుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి, జవాబు రాయలేదు. ఆయనకు మాత్రం రాశాను, త్వరలో ఏదో ఒకటి చేసి తెచ్చి కడతానని. జవాబుగా ఒక గ్రాఫు కాగితం వచ్చింది. మూడో పలక ఎంత బరువుకు ఎంత వంగిందో గీత. కింద, "ఈసారి మీ మూల దగ్గర ఇరగలేదు. గుల్లే ముందు నలిగింది. తూట్లు పనిచేసినాయి" అని ఉంది. మరేం లేదు. బతికిపోయాను అనుకున్నాను.

రెండేళ్లు గడిచాయి. ఒక శనివారం మధ్యాహ్నం కర్నూలు కాలేజీ గేటు దగ్గరికి ఎవరో వచ్చారని వాచ్‌మన్ చెప్తే పోయాను. ఆయనే. చంకలో దుప్పటిలో చుట్టిన పెద్ద పలక.

"నాలుగోది మేడం. మీ కాడ యాంటెన్నా కొలిచే మంచి మిషనుండాదని ఇన్నా, కొలుద్దామని వస్తి."

ల్యాబులో దుప్పటి విప్పాం. అద్దంలాగా ఉంది. మిషనుకు తగిలిస్తే తెర మీద గీత సరిగ్గా నేను నంద్యాలలో లెక్కవేసిన చోట లోయలాగా దిగింది. నా యాంటెన్నా, ఆయన పొరల లోపల మూసుకుపోయి కూడా, చక్కగా వింటోంది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయన సంచిలోంచి ఇనుప గుండు తీశాడు. నేను వద్దు వద్దంటున్నా వినలేదు. స్టూలెక్కి, తల ఎత్తున పట్టుకుని, నడిమధ్యకు వదిలాడు. దబ్ మని పడింది. పైకి చిన్న సొట్ట, బొటనవేలి గోరంత. చుట్టూ బిళ్లతో తట్టుకుంటూ పోయాడు. ఒకచోట మోత మొద్దుబారింది. అక్కడ సుద్దముక్కతో గీత పెట్టాడు. అట్లా గీతలన్నీ కలిపితే అరచెయ్యంత గుండ్రం వచ్చింది. పైన గోరంత దెబ్బ, లోపల అరచెయ్యంత పొర ఊడింది.

మళ్లీ మిషనుకు తగిలించాం. లోయ కొంచెం జరిగింది, కానీ ఉంది.

"ఇంత ఊడినా మీది ఇంగా ఇంటాంది మేడం" అన్నాడు. ఆయన అంత సంతోషంగా ఉండడం నేను మళ్లీ చూడలేదు.

టీ తెప్పించాను. టీ తాగుతూ జేబులోంచి ఒక ఉత్తరం తీసి ఇచ్చాడు. బెంగుళూరులో ఒక పెద్ద ప్రయోగశాల. ఈయన పంపిన గ్రాఫులు చూసి పరిశోధకుడిగా తీసుకుంటామని రాశారు. జీతంలాగా కొంత ఇస్తారు, నిజమైన మిషన్లుంటాయి, పీహెచ్‌డీ వస్తుంది. వచ్చే నెల ఒకటో తేదీ లోపల చేరాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తప్పనిసరి. ఆ వాక్యం కింద ఎవరూ గీత గీయలేదు. నాకు మాత్రం అదొక్కటే కనిపించింది.

ఉత్తరం మడిచి ఇచ్చాను. గ్లాసులో టీ చల్లారిపోతోంది. ఆయన అడుగుతాడని ఎదురుచూశాను. నా ఫైలు నంద్యాలలో కడితే గానీ ఆయన ఫైలు బయటికి రాదు. అది ఆయనకు తెలుసు, నాకు తెలుసు, అందుకే వచ్చాడని కూడా నాకు తెలుసు. పలక కొలవడానికే అయితే ఉత్తరం జేబులో పెట్టుకుని రానక్కర్లేదు. గోడ మీద ఫ్యాను తిరుగుతోంది. ఆయన గ్లాసు కింద పెట్టి, పలకను దుప్పటిలో చుట్టడం మొదలుపెట్టాడు. అడగలేదు.

గేటు దాకా వెంట నడిచాను. చివరికి నేనే నోరు తెరిచాను.

"సార్, నా కాగితాలు ఈడ కూడా బీరువాలోనే ఉండాయి. తీయల్లంటే ఎవరన్నా జామీను పెట్టల్ల."

"తెల్సు మేడం" అన్నాడు. పలకను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. "ఇంకొకర్ని ఇరికిచ్చొద్దులే."

నాకు హాయిగా అనిపించింది. ఇది రాయడానికే ఇంతసేపు కూర్చున్నాను, కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఆయన బస్సెక్కి పోతుంటే నాకు గుండెల మీంచి బరువు దిగినట్టు హాయిగా అనిపించింది. నా పక్క టేబులామెను అడిగితే వారం రోజులకు సంతకం పెట్టేది, చాలా మంచిది. నా ఫైలు తీసి నంద్యాలలో కట్టి, ఆయన ఫైలు బయటికి వచ్చాక నా తిప్పలు నేను పడి ఉండొచ్చు. మహా అయితే కర్నూలు ఉద్యోగం పోయేది. మా ఆయన జీతం ఉంది, మేం పస్తులుండేవాళ్లం కాదు. అడగలేదు. ఒకటో తేదీ వచ్చింది, పోయింది. ఆ రోజు క్యాలెండరు వైపు చూడకుండా తిరిగాను.

ఆయన ఉండిపోయాడు. తొమ్మిదికి సంతకం, నాలుగున్నరకు సంతకం. నాలుగో పలక వర్క్‌షాపులో గోడకు ఆనించి ఉందని, దాన్ని చూపించి పిల్లలకు పాఠం చెప్తున్నాడని అటెండరు ఎప్పుడో అన్నాడు. ఇంకో పలక చేయలేదట. రాతి బండను వర్క్‌షాపు గుమ్మంలో మెట్టుగా వేశారట.

కిందటేడు నేను ఉద్యోగం మానేశాను. కర్నూలు కాలేజీ బీరువాలోంచి నా ఫైలు మర్యాదగా ఇంటికొచ్చింది. ఇంట్లో చీరల కింద పెట్టాను. అప్పుడైనా నంద్యాల బస్సెక్కి ఉండొచ్చు, గంటన్నర దారి. ఇన్నేళ్ల తర్వాత ఏ ముఖం పెట్టుకుని పోను అనుకున్నాను. ఏడాది ఆ ఫైలు మీద చీరలు పెడుతూ, తీస్తూ ఉన్నాను. ఇంతలో ఈ ఫోను.

పదకొండో రోజు ఆళ్లగడ్డకు పోయాను. ఇంటి పక్క షెడ్డులో ఆయన తమ్ముడు రాయి చెక్కుతున్నాడు. మనిషి పోయాడని ఒప్పుకున్న పని ఆగదు కదా. ఆయన భార్య వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమెను నేను చూడడం అదే మొదలు. ఎవరని అడిగితే నంద్యాలలో కలిసి పనిచేశామని చెప్పాను. కూర్చోమంది. తానే మొదలుపెట్టింది.

"కాలేజోళ్లు ఆయన సర్టిఫికెట్లు ఇయ్యం అంటాండారు మేడం. మా మరిది రెండు తూర్లు పోయొచ్చినాడు. ఎవరికో జామీను పెట్టినాడు ఈయన. ఆ మనిషి కాగితాలు తెచ్చి కడితేనే ఇస్తామంటాండారు."

"ఏదన్నా పనికి కావల్నా?" అన్నాను. 

"పనేం లేదు. ఆయనవి ఆడెందుకుండల్ల?" అంది. మళ్లీ నా వైపు తిరిగి, "ఆ మనిషెవరో మీకేమన్నా తెల్సా? ఆఫీసోళ్లు పేరు చెప్పరంట. ఈయన్ని ఎన్నిసార్లు అడిగినా చెప్పకపాయ. పాపం వాళ్ల కష్టం వాళ్లది, గమ్మునుండు అనేవాడు" అంది.

షెడ్డులో ఉలి దెబ్బలు వరసగా పడుతున్నాయి. తెలియదని చెప్పడం చాలా సులువు. ఒకప్పుడు "ఆఁ" అన్నంత సులువు. ఆమె నా జవాబు కోసం చూస్తోంది.

"నేనే" అన్నాను.

 తిట్టి ఉంటే బాగుండేది. ఆమె నన్ను కింది నుంచి పై దాకా చూసింది, ఇన్నేళ్లు పేరు లేని మనిషికి ముఖం ఇదా అన్నట్టు. తర్వాత పైటకొంగు సర్దుకుని లేచి లోపలికి పోయింది. ఇక రాదేమో అనుకున్నాను. నీళ్ల చెంబుతో వచ్చింది.

"కాగితాలు ఉండాయా మీ కాడ?"

"ఉండాయి. కర్నూల్లో."

"అయితే బేస్తవారం నంద్యాలకు రాండి. నేనూ వస్తా" అంది. నీళ్లు తాగాను. ఖాళీ చెంబు ఆమె చేతికిచ్చాను.

గురువారం పదకొండింటికి ఇద్దరం ఆ ఆఫీసులో నిలబడ్డాం. అదే బీరువా, అదే క్లర్కు, జుట్టు మాత్రం నెరిసింది. నన్ను చూసి గుర్తుపట్టి, పాత రిజిస్టరు తీశాడు. నా పేరు ఎదుట ఎర్ర సిరాతో ఏదో రాసి ఉంది, నేను చదవలేదు. నా ఫైలు బల్ల మీద పెట్టాను. పదో తరగతి, ఇంటరు, బీటెక్, ఎంటెక్. ఒక్కొక్కటి తిప్పి చూసి టిక్కు పెట్టాడు. నా జామీను కాగితం బయటికి తీశాడు. దాని మీద ఆయన సంతకం, తేదీ. అడ్డంగా గీత కొట్టి "రద్దు" అని ముద్ర వేశాడు. బీరువా తెరిచి నా ఫైలు లోపల పెట్టి, ఆయన ఫైలు బయటికి తీసి, ఆమె చేత సంతకం పెట్టించుకుని ఇచ్చాడు. ఆమె దాన్ని తెరవలేదు. రెండు చేతులతో పొట్టకు ఆనించి పట్టుకుంది.

గోడ గడియారం నా ఎదురుగా ఉంది. మొత్తం పది నిమిషాలు పట్టింది. ఆ రోజు, ఆ ఒకటో తేదీ లోపల కూడా, పది నిమిషాలే పట్టేది.

బీరువా తాళం వేస్తూ క్లర్కు అన్నాడు, "మేడం, మీ ఫైలు మల్లా కావల్లంటే మామూలే. స్టాఫులో ఒకరు జామీను పెట్టల్ల. ఎవరన్నా ఉండారా మీకు?"

"లేరప్పా" అన్నాను. "ఉన్న ఒక్కాయనా పోయినాడు."